బాలవాడి అక్కకు తాంబూలం

ఒప్పుకున్నారు! ఇవాళ పొద్దున మా ఊరి పంచాయతీలో ఒప్పుకున్నారు. కొత్తగా కట్టిన అంగన్‌వాడీ గోడకు పెట్టే రాతిపలక మీద మా బాలవాడి అక్క పేరు కింద ‘ఈ ఊరి తొలి టీచరు’ అని చెక్కిస్తారట. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించండి.

కాగితాల్లో ఆమె ఆయా అని ఉందనీ, ట్రైనింగు లేని మనిషిని టీచరంటే రేపు ఎవరైనా అడుగుతారనీ పంచాయతీ సెక్రటరీ అన్నాడు. కుర్రవాడు, మర్యాదగానే అన్నాడు. మా ఇంట్లో మొట్టమొదట బి.ఏ. ప్యాసైనదాన్ని, ముప్పైయేళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, టీచరంటే ఎవరో నాకు తెలియదా? లేచి నిలబడి, పందొమ్మిదివందల అరవైల్లో జరిగిన సంగతొకటి చెప్పాను.

మాది విడవలూరుకు తూర్పున సముద్రం ఒడ్డు పల్లె. నాయన వేటకూ, అమ్మ చేపల గంపతో ఊళ్ళమీదికీ పోతే, మాలాంటి పిల్లలం ముప్పైమందిమి తాటాకు పందిరి కింద నడిచే బాలవాడిలో ఉండేవాళ్ళం. ఐదో క్లాసు దాకా చదువుకున్న అక్కకు ప్రభుత్వం చెప్పిన పని మా ముక్కులు తుడవడం, పాలపొడి కలిపి గ్లాసుల్లో పోయడం. చెప్పని పని ఏమంటే, మధ్యాహ్నం నిద్రపట్టని నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని, తడి ఇసుక పరిచి, వేలు పట్టి దిద్దించడం. వేలు మండుతోందని ఏడిస్తే ఇసుక ఇంకాస్త తడిపేది తప్ప వదిలేది కాదు.

ఆ రోజుల్లో బడిలో చేరాలంటే, మీకూ గుర్తుండే ఉంటుంది, కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి అందుకోవాలి. నాకు చెవి అందిన ఏడాది అమ్మ పళ్ళెంలో బియ్యం, ఆకులు, వక్కలు, అరటిపళ్ళు, హెడ్మాస్టరుగారికని కొత్త పంచె సర్దుకుని నన్ను బడికి తీసుకుపోయింది. ఆయన బియ్యంలో నా వేలు పట్టి మొదటి అక్షరం రాయించాలి, అమ్మ తాంబూలం ఇవ్వాలి, అదీ పద్ధతి. ఆయన చెయ్యి చాచేలోగానే నేను గబగబా నా పేరంతా, ఇంటిపేరుతో సహా, బియ్యంలో రాసేశాను. ఎవరు నేర్పారని అడిగితే బాలవాడి అక్క అన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు గానీ, పాలు కలిపే ఆయాకు కూడా చదువొచ్చునా అని నవ్వారు.

అమ్మ నవ్వలేదు. అక్షరం ముక్క రాని మనిషి, ఆయన ముందు ఏనాడూ తలెత్తని మనిషి, పళ్ళెం మళ్ళీ చేతికెత్తుకుంది.

“సారూ, కోపం చేసుకోబాకండి. బిడ్డ వేలు పట్టినోళ్ళకే గదా తాంబూలం. ఆమె ఆడుండాది.”

నన్ను లాక్కుని బాలవాడికి నడిచింది. ఇక నన్ను బడిలో చేర్చుకోరని దారిపొడవునా నాకు ఏడుపు. గిన్నెలు తోముతున్న అక్క సంగతి విని, తడిచేతులు వెనక్కి పెట్టేసుకుంది.

“నాకొద్దమ్మా. ఆయనకు తెలిస్తే బిడ్డ చదువు పోతాది. నేను ఆయాని.”

“నువ్వు తీసుకోందే నేను లేచేది లేదు” అని అమ్మ పళ్ళెం ముందు పెట్టుకుని ఇసుకలోనే చతికిలబడింది.

చాలాసేపటికి అక్క చేతులు తుడుచుకుని అందుకుంది. ఆడమనిషిని, పంచె ఏం చేసుకోను అని అక్క అంటే ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. అది తర్వాత బాలవాడిలో చంటిపిల్లల ఉయ్యాలైంది. ఇద్దరూ కలిసి నన్ను మళ్ళీ బడికి తీసుకుపోతే, హెడ్మాస్టరుగారు రిజిస్టరు తెరిచి నా పేరు రాసుకున్నారు. మరుసటి ఏడు నుంచి మా పల్లెలో తల్లులు రెండు పళ్ళేలు సర్దేవారు, ఒకటి బడికి, ఒకటి బాలవాడికి.

కాగితాల్లో మాత్రం అక్క చివరిదాకా ఆయానే. ఇప్పుడు మూడేళ్ళ పిల్లలు బస్సెక్కి పోయే చోట అందరూ మిస్సులే, ఏడాది తిరిగేసరికి పాత మిస్సు పేరు పిల్లలకు గుర్తుండదు. పళ్ళెం సర్దే తల్లులూ లేరు, ఈ కబురు వినడానికి అక్కా లేదు.

ఇంకా ఫోన్లు చెయ్యాలి. కావలిలో అక్క కూతురికి, ముందు ఆమెకే. కృష్ణపట్నం పోర్టులో ఉన్న మా తమ్ముడికి. కాలేజీలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలికి. తర్వాత, హెడ్మాస్టరుగారి చిన్నబ్బాయికి. ఆయన్ను మూడో ఏట వాళ్ళ నాన్నగారే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అక్క దగ్గర కూర్చోబెట్టారు.