షోకేసులో స్నూకర్ టేబుల్

ఈ రోజు పుంగనూరులో అక్కతో గొడవపడి వచ్చాను. మూడు నెలలుగా నేను మదనపల్లెలో ఒక క్లబ్బులో స్నూకర్ నేర్చుకుంటున్నాను. ఎర్ర బంతికి గురిపెడితే, పడకూడని తెల్ల బంతే టేబుల్ మూల పాకెట్లో పడే దశలో ఉన్నాను. ఆ ఉత్సాహంలోనే పోయిన నెల బొమ్మల అంగళ్లన్నీ గాలించి, అక్క కూతురు ఐదేళ్ల చిన్నికి ఆడుకునే చిన్న స్నూకర్ టేబుల్ కొనిచ్చాను. ఇవాళ వెళ్లి చూస్తే అది టీవీ పక్కన అద్దాల షోకేసులో ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. షోకేసుకు తాళం.

"పాప ఆడుకునేదానికి గదక్కా తెచ్చింది, యాల దాచిపెట్టినావు?" అన్నాను.

"ఇస్తే రెండు దినాలకే పగలగొడతాదప్పా. ఈడుంటే ఇంటికొచ్చినోళ్లు సూస్తారు. పెద్దదయినాక ఆడుకుంటాదిలే" అంది అక్క.

పెద్దయ్యాక బొమ్మలతో ఎవరాడతారు? ముప్పై ఏళ్లవాణ్ని, క్లబ్బులో రోజూ వందసార్లు గురి తప్పుతున్నా నా నుంచి ఎవరూ టేబుల్ దాచిపెట్టలేదు. కోపంగా తాళంచెవి తీసుకుని షోకేసు తెరిచాను. చిన్ని పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తాకొద్దు మామా, అది సూసే బొమ్మ."

మీ ఇంట్లో అద్దాల వెనక ఎన్ని 'సూసే బొమ్మలు' ఉన్నాయో నిజం చెప్పండి.