ఎస్తేరక్క పెట్టని కేక

పద్దెనిమిదేళ్ళుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. అది నా దగ్గర లేదు. కోర్టు కట్టల్లో ఏ మూలో ఉండుంటుంది, లేకపోతే చెదలు తినేసి ఉంటాయి. ఒకటిన్నర పేజీ, ఒడియాలో, గుండ్రటి నా చేతిరాతలో. కింద ఎస్తేరక్క సంతకం తెలుగులో. ఆమెకు ఒడియా చదవడం రాదు. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది, కానీ ఒక్క మాటలో చెప్పేసి తప్పించుకునే హక్కు నాకు లేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది. తెలిసినవాళ్ళయితే నా ముఖం చూసి పోనీలే అనేస్తారు. ఆ పోనీలే నాకు వద్దు. ఆమె పేరు మార్చాను, నా పేరు చెప్పను. మిగతాదేదీ మార్చలేదు. మార్చలేదంటే నమ్మండని మిమ్మల్ని అడగడానికి కూడా సిగ్గేస్తోంది. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పోయిన నెల ఒక మిత్రుడు ఫోను చేశాడు. సినిమా పరిభాషకు తెలుగులో ఒక చిన్న పదకోశం తెస్తున్నారట. నేను ఏళ్ళ తరబడి చిన్న పత్రికల్లో సినిమాల గురించి రాస్తున్నాను కదా, నన్నూ ఒక మాటకు వివరణ రాయమన్నాడు. అత్యాచార-ప్రతీకార చిత్రాలంటే ఏమిటో ఒక్క పేరాలో చెప్పాలి. ఆడవాళ్ళు రాస్తే బాగుంటుందన్నాడు. అరగంట పని అనుకున్నాను.

మొదటి వాక్యం సులువుగానే వచ్చింది. ఒక స్త్రీ మీద జరిగిన లైంగిక దాడి, దానికి తీర్చుకునే పగ, ఈ రెండే కథకు ఆధారంగా నిలిచే సినిమాలు. బాగానే ఉంది. తర్వాత భాగాలు రాశాను. ముందు దాడి. ఆమె చావకుండా మిగిలి, కోలుకుని, వేరే మనిషిగా లేవడం. ఆ తర్వాత వేట. అక్కడ ఆగి, ఇంతకీ పగ తీర్చుకునేది ఎవరన్న గొడవలో పడ్డాను. మన సినిమాల్లో చాలావాటిలో ఆమె విశ్రాంతికి ముందే ఉరేసుకుంటుంది. ఆపైన అన్నో, మొగుడో, ప్రేమించినవాడో కత్తి పడతాడు. అవి ఈ కోవలోకి వస్తాయా? రావని నా వాదన. అక్కడ ఆమెకు జరిగింది హీరో కోపానికి సాకు మాత్రమే, కథ ఆమెది కాదు. ఆమె పగ ఆమే తీర్చుకోవాలి. అలా రాసి, చదువుకుని, మంచి పాయింటు పట్టానని మురిసిపోయాను కూడా.

ఇంకొక వాక్యం కలపాలనిపించింది. ఆ దాడి సన్నివేశం అంత పొడుగ్గా ఎందుకు తీస్తారు? చూసేవాళ్ళ కక్కుర్తి కోసమని కొందరంటారు, వాళ్ళలో కోపం రగలడానికని కొందరంటారు. రెండూ నిజమే. ఎవరూ అననిది ఇంకొకటుంది. అది సాక్ష్యం. ఆమె అరిచింది, కొరికింది, గాజులు పగిలాయి, జాకెట్టు చిరిగింది. ఇదంతా హాల్లో కూర్చున్న మనం కళ్ళారా చూడాలి. చూశాకే ఆమె చేతికి కొడవలి ఇవ్వడానికి ఒప్పుకుంటాం. ఆమె పెనుగులాడిందని ముందు మనకు రుజువు కావాలి. కదలకుండా, నోరు పెగలకుండా పడి ఉన్న ఆడదానికి పగ తీర్చుకునే అర్హత ఏ సినిమా ఇచ్చింది? నాకు గుర్తున్నంతలో ఒక్కటీ లేదు.

అది రాశాక కలం కింద పెట్టేశాను. ఈ సంగతి నాకు సినిమాలు చూసి తెలియలేదు. ఒక మనిషికి చేసి తెలుసుకున్నాను.

మా నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఒడిశాలోని సునాబెడ క్వార్టర్సులో స్థిరపడ్డాడు. నేను పుట్టింది అక్కడే. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. మా లైనులోని తెలుగువాళ్ళలో పెద్దలకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. అందుకని ఏ దరఖాస్తు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. రేషన్ కార్డుకి, కుళాయికి, పిల్లల సర్టిఫికెట్లకి. ఎనిమిదో తరగతి నుంచి నాకదే పని. చెప్పింది చెప్పినట్టు రాస్తే పని జరగదని తొందరగానే అర్థమైంది. కుళాయి రావడం లేదని రాస్తే ఎవరూ కదలరు. ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉందని కలిపితే కదులుతారు. ముసలమ్మ నిజంగా ఉండక్కర్లేదు. నాన్న దాన్ని తాలింపు అనేవాడు. "మా అమ్మి తాలింపేసిందంటే ఏ ఆఫీసోడైనా లెగాలిసిందే" అని వచ్చినవాళ్ళతో గొప్పలు పోయేవాడు. నేను పొంగిపోయేదాన్ని. ఆ తాలింపు వల్ల ఎవరికీ చెడు జరగలేదు, అప్పటిదాకా.

ఎస్తేరక్క విజయనగరం వైపు అమ్మాయి. నాకంటే మూడేళ్ళు పెద్ద. కొరాపుట్‌లో ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్‌హోములో నర్సుగా చేరి అప్పటికి ఏడాది కాలేదు. ఒడియా నాలుగు ముక్కలు వచ్చేవి, హిందీ అంతకంటే తక్కువ. అమ్మకు ఆ నర్సింగ్‌హోములో పరిచయమై, ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. అమ్మ వండింది తిని, మధ్యాహ్నం నాతో పాటు సినిమా చూసేది. సీడీలు తెచ్చేది నేనే కాబట్టి సినిమాలూ నా ఇష్టమే. అప్పట్లో నాకు ఆ పగ సినిమాల పిచ్చి. ఆడది గెలవాలి నాకు. దాడి సన్నివేశం రాగానే ఎస్తేరక్క లేచి వంటింట్లోకి పోయి, అమ్మకు గిన్నెలు తోమిపెట్టేది. నేను మాత్రం కళ్ళార్పకుండా చూసేదాన్ని. ఆమెకు ధైర్యం చాలదని నవ్వుకునేదాన్ని.

ఒక బుధవారం పొద్దున్నే వచ్చింది. పొగమంచులో బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, చున్నీ అంతా తడి. అమ్మ బజారుకెళ్ళింది. ముందు నీళ్ళు అడిగింది. తర్వాత చెప్పింది. అద్దెకున్న ఇంటి యజమాని బావమరిది, ముందు రోజు మధ్యాహ్నం, నీళ్ళ ట్యాంకు చూస్తానని వచ్చాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఆమె నిద్రపోతోంది. లేచి తలుపు తీసింది. అరుద్దామని నోరు తెరిచిందట, గాలి కూడా రాలేదట. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయిందట. సీలింగు ఫ్యాను రెక్క మీద మసి చూస్తూ పడి ఉన్నానని చెప్పింది.

వింటున్నంతసేపూ ఏడ్చాను. ఆ ఏడుపు అబద్ధం కాదు. కానీ ఏడుపుతో పాటు ఇంకోటి కూడా నాలో లేచింది. దానికి ఇన్నేళ్ళూ పేరు పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. నిరాశ. అరవలేదా? కనీసం గోళ్ళతో రక్కలేదా? అంతటి మనిషివి, ఎలా ఊరుకున్నావు? పైకి అనలేదు. అననందుకు నన్ను నేను మంచిదాన్ననుకున్నాను.

కంప్లయింటు ఇవ్వాలని నిర్ణయించుకున్నది ఆమే. ఎవరూ నూరిపోయలేదు. వాడు రేపు ఇంకో అద్దె గదికి వెళ్తాడంది. తెలుగులో చెప్తాను, ఒడియాలో రాసిపెట్టమంది. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశాను. రాస్తూ రాస్తూ ఎక్కడ దారి తప్పానో నాకు బాగా గుర్తుంది. "నేను అరవలేకపోయాను" దగ్గర. ఆ మాట రాస్తే నమ్మరని నా చెయ్యి ఆగింది. నా చెయ్యికి అలవాటైన పనే కదా! కేక పెట్టానని రాశాను. వీధి చివరిదాకా వినిపించేలా అరిచానని రాశాను. అతని మణికట్టు కొరికానని, నెత్తురు వచ్చిందని రాశాను. పెనుగులాటలో గాజులు పగిలాయని రాశాను.

ఎస్తేరక్క గాజులు వేసుకోదు. వాళ్ళ ఇంట్లో ఎవరూ వేసుకోరు, పైగా నర్సు. నెలల తరబడి ప్రతి ఆదివారం ఆ బోసి చేతులు చూస్తూనే ఉన్నాను. అయినా రాశాను. ఆ కాగితం మీద ఉన్నది ఎస్తేరక్క కాదు, నేను అద్దెకు తెచ్చిన సీడీల్లోని మనిషి.

సంతకం పెట్టే ముందు ఒకసారి చదివి వినిపించమంది. వినిపించాను. కాగితం మీద కళ్ళు కదిలిస్తూ, ఆమె చెప్పిందే తెలుగులో తిరిగి చెప్పాను. ఫ్యాను రెక్క కూడా వదల్లేదు. బాగా రాసేవు అమ్మీ అని సంతకం పెట్టింది. అన్నిటికంటే పెద్ద తప్పు ఏదని అడిగితే, ఇదే అంటాను. రాసినది అలవాటు కొద్దీ రాశాను. చదివింది మాత్రం తెలిసే చదివాను.

కొరాపుట్ ఠాణాలో ఒక ఆడ అధికారి ఉంది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కుర్చీ వేయించింది, టీ తెప్పించింది, మగవాళ్ళను బయటికి పంపింది. కాగితం శ్రద్ధగా చదివింది. నన్నే తెలుగులోకి మార్చి చెప్పమంది. ఏ చేతిని కొరికావని అడగమంది. అడిగాను. ఎస్తేరక్క తల అడ్డంగా ఊపింది. కేక ఎవరైనా విన్నారా అని అడగమంది. మళ్ళీ అడ్డంగా ఊపింది. తల ఊపడానికి ఏ భాషా అక్కర్లేదు. అధికారి కళ్ళు ఎస్తేరక్క చేతుల మీదికి వెళ్ళాయి, అక్కడి నుంచి నా మీదికి వచ్చాయి. ఇది ఈమె చెప్పిందా, నువ్వే రాశావా అని ఒడియాలో అడిగింది.

ఇప్పుడు ఆలోచిస్తే అది నాకు తెరిచి పట్టుకున్న తలుపు. నేనే రాశాను మేడమ్ అంటే ఆ కాగితం చించేసి ఇంకొకటి రాయించుకునేది. తిట్టేది, అంతే. ఈమె చెప్పిందే రాశానని అన్నాను.

ఎస్తేరక్క నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"ఏటంటన్నారు అమ్మీ?"

"నువ్వు అరిసేనని సెప్పు అక్కా. సెప్తేనే నమ్ముతారు."

"నాను అరవనేదు కదే. జరగనిది ఎలగ సెప్పను?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే ఎలా చెప్పాలో తెలియక అడిగినట్టు అడిగింది.

కేసు కట్టారు. కానీ కోర్టులో కూడా అదే కాగితం, అవే ప్రశ్నలు. అతని మణికట్టు మీద గాటు లేదు. కేక ఎవరూ వినలేదు. అతని వకీలు ఆమె చేతులు పైకెత్తించి గాజుల సంగతి అడిగితే వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. కోర్టు తరఫున తెలుగు చెప్పడానికి వచ్చిన పెద్దాయన కాగితంలోని మాటల జోలికి పోకుండా, ఒక్కో ప్రశ్న మాత్రమే ఆమెకు చెప్పాడు. అందుకే ఆ కాగితంలో ఏముందో ఆమెకు చివరిదాకా తెలియలేదు. ప్రతి ప్రశ్నకూ నిజమే చెప్పింది. చెప్పిన ప్రతి నిజమూ ఆమెను అబద్ధాలకోరును చేసింది. అతన్ని వదిలేశారు. నేను మూడో బెంచీలో కూర్చుని ఉన్నాను. లేచి నిలబడితే సరిపోయేది. తప్పుడు రాతలు రాసినందుకు నన్ను లోపల వేస్తారని భయపడ్డాను. నాన్నకు తెలుస్తుందని భయపడ్డాను. ఆ వరసలో ఎస్తేరక్క ఎక్కడుందో వెతుక్కుంటే, చిట్టచివర ఉంది.

సొంతూరు వెళ్ళిపోయేటప్పుడు బస్టాండులో నా చెయ్యి పట్టుకుని అంది, "అరిసుంటే బాగుండేది అమ్మీ. నా నోరే నన్ను ముంచీసినాది." నేను ఆమె సంచీ పైకి అందించాను.

ప్రతి క్రిస్మస్‌కీ ఫోను చేస్తుంది. నా పిల్లల కోసం ప్రార్థన చేస్తుంది. ఆమెకు పెళ్ళయింది, ఇప్పుడు ఒక పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఒకసారి మాటల్లో, చిన్నపిల్లలకు గట్టిగా అరవడం నేర్పుతున్నానని చెప్పింది. ఆదివారం పిల్లల్ని వరసగా నిలబెట్టి కేకలు పెట్టిస్తుందట. నవ్వుతూనే చెప్పింది. నేను ఫోను పెట్టేసి స్నానాల గదిలో కూర్చున్నాను.

ఉన్నదున్నట్టు రాసి ఉంటే అతనికి శిక్ష పడేదా? తెలియదు. పడకపోయి ఉండొచ్చు. కానీ అప్పుడు ఓడిపోవడం వేరు. ఆమె మాట మీద ఆమె నిలబడి ఓడిపోయేది. నేను ఆమె మాటే తీసేసుకున్నాను. సాయం చెయ్యాలనే చేశాను, అది నిజం. ఆమె నాకు నచ్చిన సినిమాలా లేదని చేశాను, అదీ నిజం. ఈ రెండింటినీ విడదీసి చూపించమంటే నా వల్ల కావడం లేదు.

కోశానికి పేరా పంపలేనని మిత్రుడికి చెప్పేశాను. కారణం అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. ఫోను పెట్టేశాక, మళ్ళీ ఒక అబద్ధం కలిపానని గుర్తొచ్చింది. ఆ కోపంతోనే, చల్లారిపోతే మళ్ళీ చెయ్యలేనని, వెంటనే ఎస్తేరక్క నంబరు నొక్కాను.

క్రిస్మస్ కాని రోజున నా ఫోను చూసి కంగారుపడింది. పిల్లలు బాగున్నారా అంది. బాగున్నారని చెప్పి, మిగతాది వరసగా చెప్పాను. కేక, కాటు, గాజులు. చదివి వినిపించింది వేరు, సంతకం పెట్టించుకున్నది వేరని. అధికారి నన్ను ఏమడిగిందో, నేనేమన్నానో. క్షమించమని అడగలేదు. అడిగితే ఇచ్చేస్తుంది, ఆమె గుణమే అంత. నా కోసం ఆ పని కూడా ఆమే చెయ్యాలా?

అంతా విని, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"అయితే నాను అరవకపోడం వల్ల కాదన్నమాట."

కాదక్కా, అన్నాను. ఫోను పెట్టేసింది.

అది జరిగి పన్నెండు రోజులు. ఆమె మళ్ళీ చెయ్యలేదు. ఇక చెయ్యకపోవచ్చు, ఈ డిసెంబరులో కూడా. చెయ్యమని అడిగే నోరు నాకు లేదు. నాకు మాత్రం కాస్త తేలికగా ఉంది. ఆ తేలికకు సిగ్గుపడుతూనే మీకు చెబుతున్నాను, ఆమెకు చెప్పాకే.