ఇద్దరికీ ఒకే కోటు

ఇరవై ఏళ్లు దాటింది, ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు, ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో మీ దగ్గర నోరు పెగులుతోంది. నన్ను మంచిదాన్ని అనుకోవద్దని మాత్రం ముందే చెబుతున్నాను.

మాది తిరువూరు. రూతుది వినగడప. ఇంటర్లో ఒకే బెంచీ. డిగ్రీకి ఊరు వదిలి వెళ్లినప్పుడు హాస్టల్లో ఒకే గది. ఆ కాలేజీలో గుర్రపు స్వారీ నేర్పేవారు. మా వైపు గుర్రమంటే పెళ్లి ఊరేగింపులో బ్యాండు చప్పుడుకు బెదురుతూ నడిచేదే, ఇంకోటి ఎరగం. సరదాగా పేర్లిచ్చాం. నెల తిరిగేసరికి ఇద్దరికీ అది పిచ్చిగా మారింది.

తెల్లారకముందే రూతు నా కాలి బొటనవేలు పట్టి లాగి లేపేది. ఆమె జేబులో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది. మా ఇద్దరికీ ఇచ్చిన ఆడగుర్రం పేరు మైనా. నేను బెల్లం పెడితే తినేది, అంతే. రూతు పెడితే తిన్నాక కూడా కదిలేది కాదు, ఆమె భుజం మీద గడ్డం ఆనించి అలా నిలబడిపోయేది. ఆ తడిగడ్డి వాసన, చెమట పట్టిన జీను వాసన ఇప్పటికీ ఒక్కోసారి ఎక్కడి నుంచో వస్తాయి. ఆఫీసులో ఫైలు ముందు కూర్చుని ఉంటాను. ఆ పొద్దులు ఒక్కటంటే ఒక్కటి తిరిగొస్తే బాగుండును అనిపిస్తుంది. గుర్రం కోసమా? కాదు. నా బొటనవేలు పట్టి లాగే మనిషి కోసం.

రెండో ఏడు చివర్లో గుర్రాలను కర్రల మీంచి దూకించే పోటీ ఉంటుందని కాలేజీలో ఏడాది ముందే చెప్పారు. గెలిచినవాళ్లలో ఒక్కరినే పై పోటీకి పంపుతారు. కోటు లేనిదే బరిలోకి రానివ్వరు. ఏదో ఒక కోటయితే చాలదు. నడుము దగ్గర పట్టి ఉండాలి, జీను మీద కూర్చుంటే వెనక చీలిక విచ్చుకోవాలి, చేతులు ముందుకు చాపినప్పుడు వీపు దగ్గర బిగుసుకోకూడదు. దూకేటప్పుడు గుర్రం మెడ చాపుతుంది, దానితోపాటే మన చేతులూ వెళ్లాలి. వెళ్లకపోతే పగ్గాలు బిగిసి దాని నోరు నొప్పెడుతుంది.

అలాంటి కోటు కోసం బెజవాడంతా ఎండలో తిరిగాం. ఒక కొట్లో బడిపిల్లల బ్లేజర్లు చూపించారు. ఇంకో కొట్లో పెళ్లికొడుకు కోటు తెచ్చి, పెళ్లెవరికండీ అని అడిగాడు. రూతు నన్ను చూపించి, ఈయనే పెళ్లికొడుకు అంది. బయటికొచ్చి చెరుకురసం తాగుతూ, ఆ రసం ముక్కులోంచి వచ్చేదాకా నవ్వాం. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

చివరికి చదువు ముగించి వెళ్లిపోతున్న సీనియర్ అక్క ఒకావిడ తన నల్లకోటు మా చేతిలో పెట్టి, ఇద్దరూ వాడుకోండి అంది. రూతుకు అది కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆమెవి వెడల్పయిన భుజాలు, గట్టి వీపు. నాకేమో బస్తా తొడిగినట్టుండేది. సెలవులకు వచ్చినప్పుడు తిరువూరులో పెళ్లికోట్లు కుట్టే టైలరు దగ్గరికి పట్టుకెళ్లాం. ఆయన నా కొలతకు పక్కలు లోపలికి పట్టి కచ్చాకుట్టు వేసిచ్చాడు. చేత్తో వేసే కుట్టు, దారం లాగితే ఊడొచ్చేస్తుంది. అంటే దారం ఉంటే నా కోటు, లాగేస్తే రూతు కోటు. నెలల తరబడి అలాగే నడిపించాం. నేను ఎక్కి దిగేదాన్ని, దారం లాగి ఆమె తొడుక్కునేది. సాయంత్రం తనే సూది తీసుకుని మళ్లీ నా కొలతకు కుట్టేది. నాకు సూదిపని రాదని కాదు. తనే కుడతానని లాక్కునేది.



పోటీ దగ్గర పడేకొద్దీ అందరి నోటా రూతు పేరే. నేర్పే సార్ కూడా, ఆ అమ్మాయి ఎక్కితే మైనాకు రెక్కలొస్తాయి అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. లోపల ఏదో మండింది. కుళ్లు అని ఇన్నాళ్లూ నాకు నేను సరిపెట్టుకున్నాను. కుళ్లొక్కటేనా? మాకు మామిడితోట ఉంది. వాళ్లమ్మా నాన్నా అలాంటి తోటల్లో కూలికి వెళ్లేవాళ్లు. కూలివాళ్ల పిల్ల నాకన్నా పైన కూర్చోవడమేమిటి అని అప్పుడు నేను అనుకోలేదు. అనుకోకపోయినా అది నాలో లేదని చెప్పగలనా? చెప్పలేను. ఉంది.

పోటీకి ముందురోజు ఆదివారం, కోటుకు మంచి ఇస్త్రీ చేయించుకొస్తానని చెప్పి ఒక్కదాన్నే తిరువూరు బస్సెక్కాను. రూతు స్వారీ మానేసిందని టైలరుకు అబద్ధం చెప్పాను. లైనింగు విప్పి, నా కొలతకు మిషను మీద గట్టి కుట్టు వేయమన్నాను. కుట్టు పక్కన మిగిలిన గుడ్డ కూడా కత్తిరించేయమన్నాను. "ఉండనివ్వమ్మా, పెళ్లయ్యాక నీకే పనికొచ్చిద్ది" అని ఆయన నవ్వాడు. అడ్డంగా ఉంది, తీసేయండి అన్నాను. ఆ నల్లగుడ్డ పీలికలు కింద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. తరవాత తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏమీ మారనట్టు కనిపించాలని ఒట్టి లైనింగుకే నా చేత్తో కచ్చాకుట్టు వేశాను, అచ్చం రూతు వేసే కుట్టులాగే. తెలియక జరిగిందని ఎలా చెప్పుకోను? అంత దూరం ప్రయాణంలో ఒక్క కుట్టయినా తప్పు పోలేదు.

పోటీరోజు ముందు నా వంతు. మైనా అన్నీ దూకింది, ఒక్క కర్ర పడేసింది. దిగి, రూతు ఎదురుగానే దారం లాగాను.

"విప్పేశావా?"

"ఇదుగో దారం. తొడుక్కో."

తొడుక్కుంది. బొత్తాలు అందలేదు. ఊపిరి బిగబట్టి పెట్టుకుంది.

"ఏంటే ఇది, మొన్నటిదాకా బానే ఉందిగా?"

 ఆమె తనను తాను కిందికి చూసుకుని నవ్వింది. "నేనే లావెక్కానేమోనే. హాస్టల్ కూడు ఒంటికి పట్టేసింది."

"అయ్యుండొచ్చు" అన్నాను.

కత్తిరించడం కంటే పెద్ద తప్పు ఆ ఒక్క మాటేనేమో. అప్పటికీ టైముంది. కోటు విప్పు రూతూ, నేను చేశానిది అని ఉంటే, సార్ కాళ్లు పట్టుకునైనా ఇంకెవరి కోటో అడిగేవాళ్లం. అనలేదు. ఆమె ఎక్కింది. మొదటి కర్ర దగ్గర మైనా లేచింది. రూతు చేతులు ముందుకు రాలేదు, వీపు దగ్గర కోటు పట్టేసింది. పగ్గాలు బిగిసి మైనా నోరు తెరిచింది. రెండో కర్ర ముందు ఆగిపోయింది. తిప్పి తెచ్చింది, మళ్లీ ఆగింది. ఇంకోసారి తెచ్చింది. మూడోసారీ ఆగడంతో గంట కొట్టి పోటీ నుంచి తప్పించేశారు. రూతు దిగి ముందు గుర్రం నోరు చూసింది. దాని మూతికి నుదురు ఆనించి, తప్పు నాదేనమ్మా, నా ఒళ్లు పెరిగింది, నొప్పెట్టిందా అని బతిమాలుకుంది. కళ్లు తుడుచుకుని నా దగ్గరికొచ్చి, పోన్లే, మనిద్దర్లో ఒకళ్లు వెళ్తున్నాం, అదే చాలు అంది.

ఆ తరవాత రూతు రాత్రి అన్నం మానేసింది. నేను ఎదురుగా కూర్చుని తిన్నాను. ఆకలి లేదే అనేది. పడుకున్నాక ఆమె కడుపులో చప్పుళ్లు నాకు వినిపించేవి. మళ్లీ గుర్రమెక్కలేదు. సార్ పిలిచినా, నా వల్ల దానికి నొప్పి సార్ అని తప్పుకుంది. పై పోటీకి నేను వెళ్లాను, వట్టి చేతులతో తిరిగొచ్చాను. గెలిచి ఉంటే ఈ పాపం ఎక్కువయ్యేదా, తక్కువయ్యేదా? తెలియదు. ఏడాది తిరక్కుండా ఆ కోటు నాకూ పట్టలేదు. వదులు చేద్దామంటే కుట్టులో గుడ్డ లేదు.

చదువైపోయాక నేనే కొంచెం కొంచెంగా దూరం జరిగాను. ఆమె ఫోను చేస్తే తరవాత చేస్తాననేదాన్ని. మా ఇళ్లలో తప్పు ఒప్పుకునే అలవాటు లేదు, దణ్ణం పెట్టి ప్రసాదం తీసుకుని వచ్చేస్తాం. ఒకసారి మా దగ్గర్లోని నెమలి అనే ఊరి గుడికి వెళ్లి వేణుగోపాలస్వామికి చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం తేలికే, ఆయన ఎదురు ప్రశ్న వేయడు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మొన్న తిరువూరు బస్టాండులో రూతు కనబడింది. విస్సన్నపేటలో టీచరుగా చేస్తోంది. నన్ను చూడగానే సంచీ కింద పడేసి వాటేసుకుంది. పక్కన కూతురు బ్లెస్సీ, ఇంటరు అయిపోయింది. అవే భుజాలు, అదే వీపు. ఒక్క క్షణం నా ఎదుట ఆనాటి రూతే నిలబడినట్టయింది. "ఆంటీ, మీరు గుర్రం ఎక్కేవాళ్లంటగా! నేను చేరబోయే కాలేజీలో నేర్పుతారంట" అంది ఆ పిల్ల, కళ్లింత చేసుకుని.

రూతు ఆప్యాయంగానే దాని వీపు మీద చరిచింది. "దీనికి చెప్పవే. వద్దంటే వినదు. నా ఒళ్లే వచ్చింది దీనికి, గుర్రానికి నొప్పి తప్ప ఏముంది? ఆ కోటు తొడుక్కున్న రోజే తెలిసిపోయింది మన సంగతి. మీ ఆంటీలా సన్నగా ఉండాలి దానికి."

బ్లెస్సీ నవ్వు ఆగిపోయింది. చున్నీ భుజాల నిండా లాక్కుంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నోరు తెరిచాను. తెరిచి, ఎండగా ఉంది, మజ్జిగ తాగుతారా అన్నాను. తాగారు. విస్సన్నపేట బస్సొచ్చింది, ఎక్కారు. రూతు కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

రూతూ, నువ్వంటే నాకు ఎంత బెంగో నీకు తెలియదు. నిన్ను చూడాలని ఉంటుంది, చూస్తే పారిపోవాలని ఉంటుంది. నీ కూతురు ఆ కాలేజీలో ఎప్పుడు చేరుతుందో తెలుసు, అంతలోపు చెప్పాలనీ తెలుసు. చెబుతానని ఇక్కడ మాటివ్వను, ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషిననే నమ్మకం నాకే లేదు. కానీ ఇన్నేళ్లలో ఎక్కడా రాయని రెండు ముక్కలు ఇవాళ రాస్తున్నాను, ఈ మాత్రానికే ఊపిరి కాస్త ఆడుతోంది.

రూతు లావెక్కలేదు. ఆ కోటు నేనే కత్తిరింపించాను.