అందరూ లేచి నిలబడితే

1982. షికాగో నడిబొడ్డున ఒక ఆఫీసులో, పద్నాలుగో అంతస్తులో, కిటికీ లేని వైపు నా డ్రాయింగ్ బోర్డు. స్టేడియాలు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీర్‌ని. శివారు ఊరు అరోరా నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేదాన్ని. ఆ ఏడాది నా నెత్తిన పడింది యూరప్‌లో ఒక రాజధానిలో కడుతున్న ఐస్ హాకీ అరీనా. ఊరి పేరు చెప్పను. ఆ కట్టడం ఇంకా ఉంది, అందులో నా తప్పూ ఉంది.

నా పని సైట్‌లైన్లు గీయడం. అంటే, ప్రతి వరుసలో కూర్చున్న మనిషి కంటి నుంచి ఆట జరిగే చోటి అంచు దాకా ఒక గీత. అది ముందు వరుసవాడి కంటి మీదుగా ఎంత ఎత్తున పోతుందో ఆ కొలతని సి-వాల్యూ అంటాం. అది చాలకపోతే టికెట్టు కొన్నవాడికి ఎదుటివాడి నెత్తి తప్ప ఇంకేమీ కనపడదు. అప్పటికి ఈ పనికి మాకు కంప్యూటర్లు లేవు. స్కేలు, పెన్సిలు, రబ్బరు, అంతే. అక్కడ అరీనా కట్టిస్తున్న కమిటీ వాళ్ళు ఒక మెట్టు ఎత్తు కాస్త మార్చారంటే ఇక్కడ నేను గీతలన్నీ చెరిపి మళ్ళీ గీయాలి. అలా పదకొండుసార్లు గీశాను. కుడి భుజం లాగేసేది. ఇంటికెళ్ళి వంట చేస్తున్నా కళ్ళ ముందు గీతలే.

అప్పుడు వచ్చింది ఆ ఉత్తరం. కమిటీ మెంబర్ ఎరిక్ అనే ఆయన రాశాడు. తూర్పున, పడమరన వీల్‌చెయిర్లు నిలిపే ప్లాట్‌ఫారాల నుంచి, ముందు వరుసలవాళ్ళు లేచి నిలబడినప్పుడు సైట్‌లైన్ ఎలా ఉంటుందో గీసి పంపమని. ఒకటే వాక్యం.

చదివి ఒళ్ళు మండిపోయింది. సైట్‌లైన్లు కూర్చున్నవాళ్ళకే లెక్క కడతాం. నిలబడ్డవాళ్ళని లెక్కలోకి తీసుకోమని మాకిచ్చిన రూల్స్‌లో ఎక్కడా లేదు. పన్నెండోసారి గీయించడానికి ఇదొక సాకు అనుకున్నాను. మా సెక్షన్ హెడ్ మూర్తి గారు కాకినాడ మనిషి, నెమ్మదస్తుడు. ఏమైనా వచ్చిందా అని ఆయన అడిగితే, మామూలు క్వెరీయేనండీ, చూసుకుంటాను అన్నాను. ఉత్తరాన్ని ట్రే అడుగున పెట్టేశాను. మూడు వారాలు అక్కడే ఉంది.

నాలుగో వారం ఎరిక్ స్వయంగా మా ఆఫీసులో దిగాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, వీల్‌చెయిర్‌లో. ఒకప్పుడు హాకీ ఆడేవాడట, ప్రమాదంలో కాళ్ళు పోయాయట. కోటు కూడా విప్పకుండా నా బోర్డు దగ్గరికొచ్చి, ప్లాట్‌ఫారం గీసిన చోట వేలు పెట్టాడు.

“గోల్ పడితే వీళ్ళేం చేస్తారు?”

“లేచి నిలబడతారు.”

“మరి నేను?”

ఆ షీటు మీద అన్ని గీతలున్నాయి, ఆ ఒక్క గీత లేదు. పెన్సిలు తీసి ఆయన ఎదుటే గీశాను. ముందు వరుసవాడి వీపు మధ్యలో తగిలి ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఉత్తరం నా దగ్గరే ఉండిపోయిందని చెప్పేశాను. ఎందుకు అన్నాడు. అలసిపోయాను అన్నాను. ఇంకేం చెప్పను?

“నేనూ అలసిపోయాను,” అన్నాడు. “రెండేళ్ళుగా మా ఊళ్ళో అందరినీ ఇదే అడుగుతున్నాను. మీరైనా జవాబిస్తారనుకున్నాను.”

కోపంగా అన్నా బాగుండేది.

మూర్తి గారు ఉత్తరం మీది తేదీ చూసి కళ్ళజోడు తీశారు.

“ఈస్ట్ సైడ్ ఫ్రేములు పోయిన గురువారమే ఎరెక్ట్ చేశారమ్మా.”

ఫ్రేములంటే ఫ్యాక్టరీలో పోసి తెచ్చి నిలబెట్టే కాంక్రీటు చట్రాలు. ఉత్తరం వచ్చిన రోజున అక్కడ ఒక్కటి కూడా నిలబెట్టలేదు. ప్లాట్‌ఫారం రెండున్నర అడుగులు లేపితే చాలు, వీల్‌చెయిర్‌లో కూర్చున్నవాళ్ళకి నిలబడ్డవాళ్ళ తలల మీదుగా కనిపిస్తుంది. కానీ తూర్పు వైపు ఆ ఫ్రేములతోపాటే పై బాల్కనీ దూలం వచ్చి కూర్చుంది. నేల లేపితే తల తగులుతుంది. ఎన్ని రకాలుగా గీసినా తగిలింది. పడమర వైపు ఇంకా ఖాళీయే. అక్కడ లేపాం. ఎక్కడానికి ముప్పై అడుగుల ర్యాంప్ పెట్టాం. దానికోసం రెండు వరుసల సీట్లు పోతే కమిటీ వాళ్ళు గొడవ చేశారు, ఎరిక్ వాళ్ళ సంగతి చూసుకున్నాడు. పన్నెండోసారి గీయడానికి నాకు పట్టింది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల పనికి బద్ధకించి మూడు వారాలు పోగొట్టాను.

1985లో ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్ళాను. ఎరిక్ మ్యాచ్‌కి పిలిచాడు. పడమర వైపు, ఆయన ప్లాట్‌ఫారానికి సరిగ్గా ముందు వరుసలో నా సీటు. కాసేపటికి హాలంతా ఒక్కసారి లేచింది. నేనూ లేచాను. అయిదడుగులు కూడా లేని మనిషిని, నాకు కనిపించినవి కోట్లు, వీపులు. వెనక్కి తిరిగాను. ఎరిక్ కుర్చీలో కూర్చునే, అందరి తలల మీదుగా చూస్తున్నాడు.

“ఎవరు కొట్టారు?” అని అడిగాను.

“మావాళ్ళే,” అన్నాడు, చూపు తిప్పకుండా. “ఎడమ మూల నుంచి.”

సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. జనం కూర్చున్నాక ఎదురుగా తూర్పు ప్లాట్‌ఫారం బయటపడింది. అక్కడ నాలుగు వీల్‌చెయిర్లు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ ముందుకు వంగి, ముందున్నతని భుజం తట్టి ఏదో అడుగుతోంది. నేను ఎరిక్‌ని అడిగిందే అయ్యుంటుంది. అతనికి ఆ హోరులో వినపడలేదు. ఆవిడ మళ్ళీ తట్టింది.

తర్వాత నేను గీసిన ప్రతి అరీనాలో, ఎవరూ అడగకపోయినా, ఆ ఒక్క గీత గీశాను. ఉత్తరం వస్తే ఎంత అలసటగా ఉన్నా ఆ రోజే జవాబు రాసేదాన్ని. ఆఫీసులో వెనక నవ్వుకునేవారు, నవ్వుకోనీ. తూర్పు వైపు కూర్చున్న ఆ నలుగురికి మాత్రం ఏం జవాబు రాయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.