గేదె కోసం చేసిన ప్రార్థన

ఒట్టు పెట్టుకోవద్దని మా బైబిల్లోనే రాసి ఉంది. అయినా ఈ ఒక్కసారికి ప్రభువు నన్ను మన్నించుగాక, రెండు చేతులూ ఎత్తి ఒట్టు పెడుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వేస్తారు. నవ్వనివ్వండి.

అరవైల చివర ఆమదాలవలస దగ్గర మా పేటలో బుధవారం సాయంత్రాలు ఇంటి ప్రార్థన జరిగేది. నడిపించేది సువార్త చెప్పే ఒక పెద్దావిడ. బైబిలమ్మ అనేవాళ్ళం. ఆవిడ పద్ధతి వేరు. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకోవాలి గాని, ఎవరి కోసం వాళ్ళు ప్రార్థించుకోకూడదు. పక్కనున్నవాళ్ళు చెయ్యాలి.

నా పక్కన పాలమ్ముకునే అత్త కూర్చునేది. నాకు వరసకేమీ కాదు, పేటంతటికీ అత్త. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నది ఒక గేదె. వారం వారం ఆమె మనవి ఆ గేదె గురించే. మేత ముట్టడంలేదనో, పాలు తగ్గాయనో.

ఆ బుధవారం ఆమె చెబుతున్నంతసేపూ నేను నా సాక్ష్యం సర్దుకుంటున్నాను. భావనపాడు సముద్రంలో కొట్టుకుపోతూ, దేవుడు పంపిన సొరచేప తోక పట్టుకుని ఒడ్డున పడ్డ సాక్ష్యం. కిందటిసారి చేప పడవంత ఉంది. ఈసారి ఎంత చెయ్యాలా అని చూస్తుండగా నా వంతు వచ్చేసింది.

కళ్ళు మూసి గొంతెత్తాను. "ప్రభువా, ఈ తల్లి గేదెను దీవించు. దాని పొదుగు నింపు. దాని ఆయుష్షు పెంచు..."

ఎవరో దగ్గారు. ఎవరో కిసుక్కుమన్నారు. మెచ్చుకుంటున్నారనుకుని పొదుగు ఇంకాస్త నింపాను. ఆమేన్ అని కళ్ళు తెరిస్తే అత్త నన్నే చూస్తోంది.

"గేదె సచ్చిపోనాది బాబూ. ఇప్పుడే కదా సెప్పినాను. దేవుడు ఇన్నాడు, నువ్వే ఇన్లేదు."

లేచి చెంగు దులుపుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఇకమీద గోడకి సెప్పుకుంటాను. గోడ నన్ను నవ్వులపాలు సెయ్యదు" అని వెళ్ళిపోయింది.

ఎలా ఉన్నావని ఆమెను అడిగే చోటు ఊరంతటిలో ఆ గది ఒక్కటే. అదీ పోగొట్టాను.

బైబిలమ్మ నన్ను తిట్టలేదు. "రేపు ఆవిడింటికెల్లు. ప్రార్థన సెయ్యకు. బైబిలు కూడా పట్టుకెల్లకు. కూకుని ఇను. నీ నోరు ఇంటికాడ ఒగ్గీసి ఎల్లు" అంది.

వెళ్ళాను. అత్త పాకలో ఉంది. కట్టుగుంజ ఖాళీ. గంజినీళ్ళు తెచ్చి కుడితి తొట్టిలో పోస్తోంది. తొట్టి అప్పటికే నిండుగా ఉంది, పోసిందంతా పొర్లి నేలపాలవుతోంది.

"సెయ్యి అలవాటు" అంది, నా చూపు చూసి.

గట్టు మీద కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది. "పాకకీ నా మంచానికీ మద్దిన తడికే కదేటి. నా పెనిమిటి పోయినకాడ్నుంచి దాని ఊపిరి ఇనబడితేనే నాకు నిద్దరొచ్చీది. ఇప్పుడు ఇల్లంతా గమ్మునుంటాది. కన్ను మూతపడదు."

"మరి నిన్న..."

"నిన్న నిద్దరే అడిగినాను బాబూ. గేదెనడగలేదు."

అప్పుడు ఆమె కళ్ళు చూశాను. ఎర్రగా, రెప్పలు ఉబ్బి ఉన్నాయి. నిన్నా నా పక్కనే ఉన్నాయవి. పొయ్యి పొగ అనుకోడానికైనా నేను చూస్తే కదా. ఆమె చెప్పేదాని మధ్యలో ఒక నాగుపామును దూర్చాలని నాలుక దురద పెట్టినా, పళ్ళ మధ్య బిగించి చివరిదాకా విన్నాను.

మరుసటి బుధవారం ఆమె రాదనే అనుకున్నాం. వచ్చింది. నేను జరిగి చోటిచ్చినా, వెళ్ళి చెవులు వినబడని ముసలి వడ్రంగి పక్కన కూర్చుంది.

"ఈ మావకి ఇనబడదు. అందుకే నా మొకం సూస్తాడు" అంది అందరికీ వినబడేలా.

ఆమె మనవి చెప్పాక వడ్రంగి నావైపు తిరిగాడు. "ఏటంతాదిరా?"

ఆయన చెవి దగ్గర నోరుపెట్టి అరిచాను: "నిద్దర రావాలంతాది!"

"ఊపిరి సంగతి కూడా సెప్పు" అంది అత్త.

అదీ చెప్పాను. ఒక్క మాట చేర్చలేదు, తీయలేదు. ఆయన ప్రార్థించాడు.

ఇక ఒట్టు సంగతి. వడ్రంగీ నిజమే, తొట్టీ నిజమే. నాలుక బిగబట్టానన్నది మాత్రం కల్పించాను. ఆ రోజు పాకలో అడిగేశాను: "అత్తా, నాగుపాము గాని కరిసిందేటి?"

ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వేసింది.

"పామేట్రా, నీ తలకాయి! ముసిలిదైపోనాది, సచ్చిపోనాది. కూకో, మొదట్నుంచి సెప్తాను."