రంగు నీళ్ళు పారిన చేను

మా తాత దూది ఏకేవాడు. నాయన కాలానికి ఆ పనికి గిరాకీ తగ్గిపోయింది. ఆయన ప్రొద్దుటూరు మగ్గాలకు నూలుకు రంగులద్దే పనిలోకి మారాడు. ఊరి చివర, జమ్మలమడుగు పోయే దారి పక్కన మా ఇల్లు. ఇంటికి ఆనుకొని రేకుల కొట్టం, అందులో రంగులు కాగే పెద్ద కాగులు, వెనక ఒక బావి. అద్దిన నూలు కట్టలను, చిలపలను, దండేల మీద ఆరవేయడం నా పని. ఎన్నిసార్లు కడిగినా నాయన చేతులు మోచేతుల దాకా ఏదో ఒక రంగులోనే ఉండేవి. ఆ చేతులతోనే నమాజుకు పోయేవాడు, ఆ చేతులతోనే మాకు ముద్దలు కలిపి పెట్టేవాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మా కొట్టం వెనకున్న ఎకరన్నర చేనును ఒక జంట కొనుక్కుంది. వాళ్ళది సింహాద్రిపురం దగ్గర పల్లె. తరతరాలుగా గొర్రెలు కాసుకొని బతికినవాళ్ళు. పిల్లలు లేరు. మంద వెంట తిరిగి తిరిగి విసిగిపోయి, ఒకచోట నిలబడి బతకాలని, ఉన్న గొర్రెలన్నీ అమ్మి ఆ చేను కొన్నారు. చేనులోనే గుడిసె వేసుకున్నారు. ఆమె మా నాయనను అన్నా అని పిలిచేది. అందుకని నేను ఆమెను అత్త అనేదాన్ని, ఆయనను మామ అనేదాన్ని.

మొదటి ఏడు జొన్న మనిషెత్తు పెరిగింది. మామ కంకులను చేత్తో నిమురుతూ, "గొర్రెకు కాళ్ళుంటాయి, యాడికన్నా పోతాది. చేను యాడికీ పోదు పాపా," అని నాతో అన్నాడు.

మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. మా కొట్టంలో అద్దకం అయ్యాక పారబోసే నీళ్ళు వెనక గుంటలో నిలిచి కంపు కొట్టేవి. ఒకరోజు నాయనే మామను పిలిచాడు.

"ఈ నీళ్ళు ఊరికే పోతాండాయి. కాలువ తీసుకొని నీ చేనికి పారించుకోరాదా?"

మామ ముఖం వెలిగిపోయింది. ఆ రోజే పార పట్టుకొని కాలువ తీశాడు. సాయంత్రం అత్త మా అమ్మకు చెంబునిండా మజ్జిగ తెచ్చిచ్చింది. అప్పటికి నాయనకు నిజంగానే ఏమీ తెలియదు. మనకు అక్కర్లేని నీళ్ళు ఇంకొకరికి పనికొస్తే మంచిదే కదా అనుకున్నాడు.

ఆ నీళ్ళలో రంగొక్కటే కాదు, నూలుకు రంగు పట్టడానికి వేసే కాస్టిక్ సోడా ఉండేది, ఉప్పు ఉండేది. ఏడాది తిరిగేసరికి కాలువ వెంబడి మొక్కలు పసుపురంగుకు తిరిగి మాడిపోయాయి. నేల మీద తెల్లగా పొక్కు కట్టింది. ఆ తెలుపులో అక్కడక్కడ నీలం, ఎరుపు చారలు. దండేల దగ్గర నిలబడితే నాకు బాగా కనపడేవి. అవి ఏ రోజు ఏ కాగులో కలిపిన రంగులో కూడా చెప్పగలిగేదాన్ని.

ఒకరోజు నాయననే అడిగాను. "నాయనా, అత్తోళ్ళ చేను మన నీళ్ళకే పోతాందా?"

ఆయన కాగులో కట్టె తిప్పడం ఆపలేదు. "పోయి నూలు తిరగెయ్, ఎండ పోతాది," అన్నాడు.

నేను పోయి నూలు తిరగేశాను. ఇంకెప్పుడూ అడగలేదు.

మామ, అత్త మాత్రం తప్పు తమదే అనుకున్నారు. సేద్యం రానివాళ్ళం, ఎక్కడో పొరపాటు చేస్తున్నాం అని ఒకరికొకరు చెప్పుకొనేవాళ్ళు. ఇంకా లోతుగా దున్నారు. ఇంకా ఎక్కువ నీళ్ళు పారించారు. ఒక పొద్దున అత్త మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సాయిబన్నా, నువ్వు పక్కనే వుండేవాడివి. మేం ఏం తప్పు చేస్తాండామో చెప్పరాదా? ఆయప్ప అన్నం కూడా సరిగా తినడంల్యా."

నాయన తల వంచుకొని, "ఎరువు చాలినట్టు లేదమ్మా," అన్నాడు.

ఆ మాట నేను కూడా విన్నాను. ఆమె సరేనని తల ఊపి వెళ్ళిపోయింది. ఆ వారం అంతా ఇద్దరూ ఎక్కడెక్కడి పేడో గంపలతో మోసుకొచ్చి చేనులో పోశారు. వాళ్ళు అటునుంచి పేడ గంపలు కుమ్మరిస్తుంటే, ఇటునుంచి మా నీళ్ళు కాలువలో పారుతూనే ఉన్నాయి.

వరసగా మూడో పంట కూడా పోయాక మామ పులివెందుల వైపు ఎవరివో గొర్రెలు కూలికి కాయడానికి వెళ్ళాడు. గొర్రెలు అమ్మి చేను కొన్నవాడు, చేనును నిలబెట్టుకోవడానికి మళ్ళీ గొర్రెల వెంటే పోయాడు. పోయేరోజు కంబళి భుజాన వేసుకొని మా కొట్టం ముందు ఆగాడు.

"అన్నా, ఆడమనిషి ఒక్కతే వుంటాది. కాస్త చూసుకుంటా వుండు," అన్నాడు.

నాయన "అట్లనే" అన్నాడు.

ఆ వేసవి మధ్యలో, మామతో కలిసి గొర్రెలు కాసే మనిషి ఒకతను వచ్చాడు. గుట్టల్లో నీడ లేనిచోట మామకు ఎండదెబ్బ తగిలిందనీ, మనుషులు చూసేసరికే ప్రాణం పోయిందనీ, అక్కడే మట్టి చేశారనీ చెప్పాడు. అత్త ఏడవలేదు. గుడిసెలోకి పోయి అతనికి తాగడానికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను వెళ్ళిపోయాక గెనిమ గట్టు మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు మా ఇంట్లోకి వినబడుతుంటే మా అమ్మ పరుగెత్తింది. నాయన కాగుల కింద మంటలు ఆర్పేశాడు.

దినాలు అయిపోయాక నాయన ఆమె దగ్గరికి పోయాడు. నన్నూ అమ్మనూ కూడా రమ్మన్నాడు. అత్త గుడిసె ముందు కూర్చుని ఉంది. నాయన ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, మీరు ఏ తప్పూ చేయల్యా. మీ చేను మా నీళ్ళకు పోయింది. ముందు నాకు తెలీదు. తెలిసినాక కూడా నోరు మూసుకున్నా."

అత్త ఆయన చేతుల వైపు చూసింది.

"ఎన్నాళ్ళయింది తెలిసి?"

"రెండేండ్లు."

"ఆయప్పకు చెప్పింటే పోకపోవునే," అంది. "నేను నిన్ను తిట్టనన్నా. తిడితే నీకు తేలికైతాది," అంది.

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. 

ఆ మరునాడే నాయన కాలువ పూడ్చేశాడు. జమ్మలమడుగుకు పోయి సేద్యం ఆఫీసులో పనిచేసే ఒకాయనను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన చేనంతా తిరిగి, ఒక పెళ్ళ తీసుకొని చేత్తో నలిపాడు. అది నలగలేదు. పగిలిన పెంకులా ఉండిపోయింది.

"మంచి మట్టిలో కంటికి కనపడని జీవాలు కోట్ల కొద్దీ వుంటాయి. ఆకూ అలమూ కుళ్ళబెట్టి మట్టిని గుల్ల చేసేవి అవే. ఇందులో అవి దాదాపు చచ్చిపోయినాయి. మళ్ళా పుట్టించాల," అన్నాడు. "జీలుగ చల్లండి. చౌడును కూడా ఓర్చుకొని మొలిచే మొక్క అది. పూతకొచ్చినాక కోసుకోవద్దు, అట్లే దున్ని మట్టిలో కలిపేయండి. పెంటికలు పడేట్టు దాని మీద గొర్రెల మంద నిలపండి. ఒక ఏడాదితో అయ్యే పని కాదు."

"ఎన్నేండ్లు?" అని నాయన అడిగాడు.

"నేల చెప్పాల ఆ మాట," అన్నాడాయన.

మొదటిసారి చల్లిన జీలుగ పావు వంతు కూడా మొలవలేదు. నాయన చాపాడు వైపు నుంచి చెరువు మట్టి బండ్లతో తోలించి, పైన పరిచి, మళ్ళీ చల్లాడు. తెల్లవారుజామున చేనులో పనిచేసి, పొద్దెక్కాక కొట్టంలోకి వచ్చేవాడు. రంగు నీళ్ళ కోసం గచ్చుతో తొట్టి కట్టించాడు. ఆ నీళ్ళు ఎండలో ఆవిరైపోయాక అడుగున మిగిలిన గసిని గట్టి రాతినేలలో పూడ్చేవాడు. దాంతో పని సగం పడిపోయింది. మగ్గాలవాళ్ళు వేరే అద్దకందార్ల దగ్గరికి పోయారు. అమ్మ ఒక్కరోజు కూడా ఆయనను ఏమీ అనలేదు.

అత్త కూడా వచ్చి పనిచేసేది. ఇద్దరూ ఒకే చేనులో, ఆమె ఒక చివర, ఆయన ఒక చివర. మాటలుండేవి కావు. ఏదైనా చెప్పాల్సి వస్తే నాతో చెప్పించేది. "మీ నాయనకు చెప్పు పాపా, ఆ మూల నీళ్ళు ఇంకడంల్యా." నేను పది అడుగులు నడిచి ఆ మాట చెప్పేదాన్ని. ఆయనకు అది ముందే వినబడి ఉండేది. అయినా నేను చెప్పేదాకా ఆగి, అప్పుడు ఆ మూలకు పోయేవాడు.

రెండో ఏడు జీలుగ మోకాలెత్తు వచ్చింది. అంత పచ్చటి మొక్కను దున్ని మట్టిలో కలపడం నాకు బాధనిపించింది. మూడో ఏడు అత్త అన్నలు సింహాద్రిపురం నుంచి మందను తోలుకొచ్చి పది రోజులు చేనులో నిలిపారు. గొర్రెల మధ్య తిరుగుతున్నప్పుడు ఆమె ముఖంలో మొదటిసారి కాస్త నెమ్మది చూశాను. ఆ ఏడు దున్నితే నేల నుంచి వానపాములు బయటపడ్డాయి. నాయన ఒకదాన్ని అరచేతిలో పెట్టుకొని అత్త వైపు నాలుగడుగులు వేశాడు. మధ్యలో ఆగిపోయాడు. తిరిగి దాన్ని మట్టిలో వదిలేశాడు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగేళ్ళయింది. నాయన ఆరోగ్యం చెడింది. మూత్రంలో నెత్తురు పడేది. అన్నేళ్ళు రంగుల మధ్య బతికినందుకే అని కొందరు, వేడి చేసిందని కొందరు అన్నారు. కడప ఆసుపత్రికి రెండుసార్లు తీసుకుపోయాం, నయం కాలేదు.

నాలుగో ఏడు అత్త కొర్ర వేసింది. ఒక మూల తప్ప చేనంతా పండింది. కంకులు కోసి నూర్చాక ఆమె చాటనిండా కొర్రలు తెచ్చి మా అమ్మకు ఇచ్చింది. మంచం మీద ఉన్న నాయన వైపు చూడకుండానే, "వండి పెట్టు," అంది. అమ్మ వండి పెట్టింది. నాయన రెండు ముద్దలు తిని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుండటం చూసి నేను బయటికి వచ్చేశాను. ఆ నెలలోనే ఆయన పోయాడు.

నాయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక అత్త నన్ను చేనులోకి పిలిచింది. చేనును కౌలుకు ఇచ్చి తన అన్నల దగ్గరికి పోతున్నానని చెప్పింది. ఉన్నట్టుండి నన్ను అడిగింది.

"పాపా, నీకూ తెలుసా అప్పుడు?"

అబద్ధం చెప్పగలిగేదాన్నే. ఆ చారలు చూసిన నాటికి నాకు పదమూడేళ్ళే. ఆమె నమ్మేది కూడా.

"తెలుసత్తా. నాయన కంటే ముందే నాకు కనపడింది," అన్నాను.

ఆమె నా చేతిని పట్టుకొని ఉంది. మెల్లగా వదిలేసింది. కోపంగా కాదు. బరువైనదేదో కింద పెట్టినట్టు వదిలేసింది. "మంచిది," అని గుడిసెలోకి పోయి మూట కట్టుకుంది. నేను వెంట పోతుంటే వద్దని చేత్తో సైగ చేసింది. పులివెందుల బస్సు వచ్చి ఆమెను ఎక్కించుకొని పోయింది.

తర్వాత నాకు దువ్వూరు సంబంధం కుదిరి వెళ్ళిపోయాను. నా మొదటి కాన్పుకు ఆమెకు కబురు పెట్టాను. రాలేదు. నా రెండో బిడ్డ నడక నేర్చుకుంటున్న రోజుల్లో, ఆమె చనిపోయి ఏడాది దాటిందని ఎవరో సింహాద్రిపురం మనిషి మాటల మధ్యలో చెప్పాడు.