బాల్‌రెడ్డి తుపాకి ఎందుకు పేలలేదు

1941లో నాగర్‌కర్నూల్ బజారులో నాకొక చిన్న కొలిమి అంగడి ఉండేది. క్రైస్తవ మిషన్ వాళ్ల పనిబడిలో ఇనుప పని, కట్టె పని నేర్చుకున్నాను. కొడవళ్లు, గొడ్డళ్లు, బండి ఇరుసులతో పాటు తుపాకుల మరమ్మతు కూడా చేసేవాణ్ని. ఆదివారం చర్చిలో సంఘ పెద్దగా నిలబడి వాక్యం చెప్పేవాణ్ని. శనివారం దాకా తుపాకులు బాగుచేసి ఆదివారం శాంతి సమాధానాల గురించి బోధిస్తావేమని కొందరు సహోదరులు ఎత్తిపొడిచేవారు. పంట కాపాడుకునే రైతుకు అదొక పనిముట్టు అని జవాబిచ్చేవాణ్ని. ఆ జవాబు మీద నాకు ఎన్నడూ అనుమానం రాలేదు. మిగతా అన్నిటి మీదా వచ్చేది. మనుషుల లోపల ఏముందో పసిగట్టే వరం దేవుడు నాకిచ్చాడని నమ్మేవాణ్ని.

ఆ కాలంలో లైసెన్సు ఉన్న రైతుల దగ్గర ఉండేవి మూతి నుంచి మందు కూరే తుపాకులు. వాటి గొట్టం బారెల్. బారెల్ అడుగున మర తిప్పి బిగించిన చిన్న ఇనుప బొడిపె నిపిల్. దానికి సూది పట్టేంత రంధ్రం ఉంటుంది. నిపిల్ మీద రాగి టోపి పెట్టి ట్రిగ్గర్ నొక్కితే హామర్ వచ్చి టోపిని కొడుతుంది. ఆ నిప్పు రంధ్రం గుండా పోయి లోపలి మందుకు అంటుకుంటుంది. రంధ్రం మూసుకుపోతే టోపి టప్పుమంటుంది కానీ తుపాకి పేలదు.

ఆ వానాకాలం ఒక శనివారం బాల్‌రెడ్డి వచ్చాడు. బిజినేపల్లి అవతల పల్లెలో భూమి ఉన్న రైతు, నలభై ఏళ్లవాడు. తండ్రి పేరు మీది లైసెన్సు తన పేరుకు మార్పించుకున్నాడు. నెల కిందటే నేను ఆ తుపాకిని శుభ్రం చేసి, ఆయన కళ్లముందే పేల్చి ఇచ్చాను. ఇప్పుడు దాన్ని తెచ్చి నా ముందు బల్ల మీద పడేశాడు.

"ఏం పని జేసినవ్ మేస్త్రీ? సోమవారం మంచె మీదికెల్లి పందికి కొట్టిన. టోపి పేలింది గని తుపాకి పేలలె. పంది నా దిక్కు జూసి నవ్వుకుంట పోయింది."

"తర్వాత మందు మార్చినవా పటేలా?"

"ముట్టనే లేదు. సోమవారం కూరిన మందు గట్లనే ఉన్నది. జర జల్ది కావాలె నాకు."

"మందు లోపల ఉన్న తుపాకితోని తొందర పనికిరాదు. బుధవారం రా."

"బుధవారమా?" అన్నాడు. పందుల కోసం ఇంత తొందరపడే రైతును నేను చూడలేదు. కానీ నా పనికి వచ్చిన చెడ్డపేరు గురించే ఆలోచిస్తూ ఆ సంగతి వదిలేశాను.

ఆ సాయంత్రమే నిపిల్ విప్పి చూశాను. పైన టోపి పేలిన మసి, దాని కింద తేనెమైనం. అంటే టోపి పేలకముందే ఎవరో ఆ రంధ్రంలో మైనం కూరారు. మైనం తనంతట తాను నడిచి వచ్చి అక్కడ దూరదు. ఈ మనిషి పేలని తుపాకితో చేన్లో నిలబడాలని ఎవరో కోరుకుంటున్నారని నాకు తోచింది.

సోమవారం సంత. ఒకామె రెండు కొడవళ్లు సానకు తెచ్చింది. సాన పట్టినంతసేపూ గోడకు ఆనించిన తుపాకినే చూసింది. తాను బాల్‌రెడ్డి భార్య నాగమ్మనని చెప్పింది. ఆయనకు తెలియకుండా వచ్చానంది.

"అది ఇగ పేలొద్దు మేస్త్రీ. బాగైందని చెప్పి ఇయ్యి, గని ఎన్నడు పేలొద్దు."

నేను చేతిలో పని ఆపాను. "మైనం పెట్టింది నువ్వేనా అమ్మా?"

ఆమె తల దించుకోలేదు. "నేనే."

"అడవిపంది ముందల మొగుణ్ని ఒట్టి చేతులతోని నిలబెట్టినవ్."

"పంది మంచె ఎక్కుతదా?"

"చిరుత ఎక్కుతది."

"చిరుత వస్తే డప్పు ఉన్నది. డప్పుకు లైసెన్సు గూడ అక్కర్లేదు."

ఇలాంటి విషయంలో హాస్యమాడే ఆడమనిషిని చూసి నా శంక రెట్టింపయింది. ఆమె చెప్పింది ఇది. బాల్‌రెడ్డికి, తమ్మునికి కలిపి ఒకటే మోటబావి. నీళ్ల వంతు దగ్గర రెండేళ్లుగా కొట్లాట. తమ్ముడు తహసీలులో అర్జీ పెట్టాడు.

"మొన్న శుక్రవారం నోటీసు వచ్చింది. జరసేపటికే బాయి కాడ మా మరిదికి గురిపెట్టి కొట్టిండు. టోపి టప్పుమన్నది. మైనం లేకుంటే ఆ దినమే పీనుగ లేస్తుండె. మరిది మోట ఇడ్సిపెట్టి ఉరికిండు, అత్తగారింట్ల కూసున్నడు."

"మీ ఆయన సోమవారం పందికి కొట్టిన్నని చెప్పిండు గదా?"

"పందికి నోటీసు వచ్చిందా?"

"బాయి కాడ ఇంకెవరన్న చూసిన్రా?"

"ఎవరు లేరు. నేనే జూసిన."

సాక్షి ఆమె ఒక్కతే. మైనం పెట్టిందీ ఆమే. భర్త కళ్లుగప్పి వచ్చిందీ ఆమే. నా బుర్ర అప్పటికే తీర్పు రాసేసింది. నోరు జారి అడిగాను: "మరిది మీద నీకింత పావురం, ఇంత ప్రేమ ఎందుకమ్మా?"

ఆమె ముఖం మాడిపోయింది. కొడవళ్లు చేతిలోకి తీసుకుంది.

"నువ్వు దేవుని మాటలు చెప్పెటోనివని సంతల అన్నరు. గందుకే వచ్చిన. మరిది సస్తె నా మొగుడు ఉరికంబమెక్కుతడు. నా పావురం ఎవరి మీదనో నువ్వే ఆలోచన జేసుకో."

"అబద్ధం ఆడే అలవాటు నాకు లేదు. బుధవారం ఆయనకు ఉన్నదున్నట్టు చెప్త," అన్నాను. ఆమె మెట్లు దిగిపోయింది. మోసపోకుండా కాపాడినందుకు ఆ రాత్రి దేవునికి స్తోత్రం చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ప్రార్థన ఎవరికి చేరిందో అని భయమేస్తుంది.

మంగళవారం బారెల్‌లో నీళ్లు పోసి మందు నానబెట్టాను. తర్వాత రామ్‌రాడ్, అంటే మందు కూరే కడ్డీ, చివర కొక్కెం బిగించి లోపలిది బయటికి గుంజాను. మందూ గుండ్లూ జారిపోకుండా పైన ఒక అడ్డు కూరుతారు. సాధారణంగా గుడ్డపేలికో కొబ్బరి పీచో ఉంటుంది. నా కొక్కేనికి వచ్చింది ఉర్దూ అక్షరాల కాగితం. లైసెన్సులు చూసీ చూసీ నాకు ఉర్దూ చదవడం వచ్చు. బల్ల మీద పరచి మెల్లగా విప్పాను. తహసీలు ముద్ర ఉంది. బావి నీళ్ల సంగతి ఉంది. కింద తారీఖు మొన్నటి గురువారానిది.

సోమవారం కూరిన మందు మీద గురువారం రాసిన కాగితం ఉండదు. ఆయన నోటీసు అందుకొని, చించి, తుపాకిలో కూరి, బావి దగ్గరికి వెళ్లాడు. నాగమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. అబద్ధం చెప్పింది నేను నమ్మిన మనిషి. ఆయన తొందర పందుల కోసం కాదు.

బుధవారం బండి వచ్చి ఆగింది. ఆయన వెనకే నాగమ్మ కూడా దిగింది. నేను అన్నమాట ప్రకారం చెప్పేది ముఖం మీదే వినడానికి వచ్చిందని అర్థమైంది. దారి పొడుగునా వాదులాడుకున్నట్టున్నారు, అంగడిలోకి కూడా అదే తెచ్చారు.

"తుపాకి ఇంట్ల ఉండొద్దంటది మేస్త్రీ. పందులు సేనంత తింటే ఈమె అవ్వగారింటోళ్లు పెడ్తరా?"

"పందులు తినంగ మిగిలింది తిందం. నువ్వు జైలుకు పోతే అది గూడ లేదు."

"మొగోని ఇంట్ల తుపాకి ఉంటే ఊరు భయపడ్తది."

"ఊరి సంగతి నాకు తెల్వదు. నాకు భయమైతుంది."

నేను ఆ కాగితం తెచ్చి ఇనుము కొట్టే దాగలి మీద పెట్టాను. "పటేలా, ఇది నీ బారెల్‌ల ఉండె. దీని మీద తారీఖు గురువారంది. నువ్వు సోమవారం కూరిన్నంటివి."

చదవడం రాకపోయినా ముద్రను ఆయన గుర్తుపట్టాడు. "నువ్వు మేస్త్రివా, పోలీసు అమీన్‌వా?"

"మేస్త్రినే. లోపల ఏమున్నదో చూసుడే నా పని."

"నిన్నమొన్నటిదాంక మా సేన్ల కూలికొచ్చినోళ్లు నన్ను నిలదీస్తున్నరు!"

అది నిజమే. మా నాన్న ఆ ఊరి చేలల్లో కూలి చేశాడు. నేను చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను.

"తుపాకి పాడు జేసినోని పేరు జెప్పు," అన్నాడు.

రెండు రోజుల కింద నా నాలుక మీద సిద్ధంగా ఉన్న సత్యం ఇప్పుడు బయటికి రాలేదు. నేను నోరు తెరవకముందే నాగమ్మ అంది: "నేనే. తేనెమైనం."

ఆయన చెయ్యి లేచింది. నేను అడ్డంగా నిలబడ్డాను. చెయ్యి దిగింది.

"మంచె మీద నన్ను కట్టె పట్టుకొని కూసోబెట్టినవా?"

"మంచె కట్టించింది నేను. గదెంత ఎత్తున్నదో నాకు తెల్వదా?"

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. మాలో ఎవరినీ చూడకుండా అన్నాడు. "టోపి పేలంగనే వాడు బోర్ల పడ్డడు. తగిలిందనే అనుకున్న."

ఆ గొంతు విని నాకు జాలి కలిగింది. అయినా ఆ జాలిని నేను నమ్మలేదు. ఆ జాగ్రత్త సరైనదే. ఎందుకంటే మరుక్షణమే ఆయన లేచి, "గట్లని మా నాయిన తుపాకి ఇడ్సిపెట్ట," అన్నాడు.

"ఇడ్వకు," అంది నాగమ్మ. "ఇంట్లనే పెట్టుకో. గా బొడిపె నాకియ్యి. పందులు దిగిన్నాడు నేనే మంచె కాడికి తెచ్చిస్త."

"ఆడిదాని కొంగుల ఉంటదా తుపాకి పానం?"

"నీ తమ్ముని పానం నీ ఏలు కింద ఉండలేదా?"

ఆయన నిపిల్ లేని తుపాకినే భుజాన వేసుకొని బండి వైపు నడిచాడు. నేను నిపిల్ తుడిచి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కొంగున ముడివేసుకుంది. ఆయన ఎద్దులు కడుతుంటే నేను ఆమెతో మెల్లగా అన్నాను: "అమ్మా, నీ మీద పాపపు శంక పడ్డ. మాఫ్ చెయ్యి."

"శంక పడితే తప్పేంది మేస్త్రీ? నా ఒక్కదాని మీదనే పడ్డవు గదా, గది తప్పు. ఆయన ఇంకో బొడిపె కోసం నీకాడికొస్తడు. అప్పుడు గూడ గింత శంక పడు."

రెండు నెలలకు ఆయన ఒంటరిగా వచ్చాడు. "నిపిల్ పోయింది మేస్త్రీ. ఇంకోటి జెయ్యి."

"నాగమ్మను తోలుకరా పటేలా."

"ఆమెకేం తెల్సు ఇనుము సంగతి?"

"పోయిందో లేదో తెల్సు."

నన్ను తినేసేలా చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు బిజినేపల్లి వైపు నుంచి ఎవరు వచ్చినా ఏం వార్త వినాలోనని భయపడుతూనే పలకరించేవాణ్ని. పల్లికాయ పీకే రోజుల్లో ఒక యువకుడు మోట గిరక ఇరుసు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. ఎవరు పంపారని అడిగితే, మా వదినె నాగమ్మ అన్నాడు. ఆ ఇరుసు బిగిస్తున్నంతసేపూ నేను అతన్నే చూస్తూ కూర్చున్నాను.

సంఘం ముందు నా తప్పు ఒప్పుకున్నాను, వాళ్ల పేర్లు చెప్పకుండా. ఆ తర్వాత తుపాకి తెచ్చినవాళ్లను లైసెన్సు అడిగేముందు ఇంటామెను తీసుకురమ్మనేవాణ్ని. నవ్విన వాళ్లున్నారు, కోపంతో వనపర్తి మేస్త్రి దగ్గరికి పోయినవాళ్లూ ఉన్నారు. మనుషులను పసిగట్టే వరం నాకుందని ఇప్పుడు ఎవరితోనూ చెప్పను. శంక నన్ను వదల్లేదు. అది ముందుగా ఎవరి మీదికి పోతుందో చూసుకుంటాను, తనంతట తాను పోనివాళ్ల వైపు దాన్ని బలవంతంగా తిప్పుతాను.